కొలిమి మోసుకు తిరిగే పొట్టేలు: ఓర్న్‌తో మూడేళ్లు

ఐదుగురు ఐదుగురితో తలపడే ఆన్‌లైన్ ఆట లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో నేను ఓర్న్ అనే పాత్రని పట్టుకుని మూడేళ్లు దాటింది. ర్యాంక్డ్, మామూలువి కలిపి ఏడెనిమిది వందల మ్యాచ్‌లు ఆడుంటాను. అంతకుముందు గారెన్, కొన్నాళ్లు డారియస్. వాళ్లతో గెలిస్తే నేనే గెలిపించినట్టుండేది, ఓడితే అడవిలో తిరిగే మా జంగ్లర్ ముంచినట్టుండేది. ఓర్న్‌కి వచ్చాక లెక్క తిరగబడింది. గెలిస్తే పేరు కింది దారి, అంటే బాట్ లేన్‌వాడికి పోతుంది, ఓడితే చాట్‌లో 'టాప్ డిఫ్' (పై దారివాడి వల్లే తేడా కొట్టింది) అని పై దారిలో ఆడే నాకే పడుతుంది. ఇది తట్టుకోలేకపోతే ఈ సమీక్ష ఇక్కడే వదిలేయొచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఓర్న్ 2017 ఆగస్టులో ఆటలోకి వచ్చాడు. ఫ్రెల్‌యోర్డ్ అనే మంచు ప్రాంతపు కమ్మరి దేవుడు. ఎలుగుబంటి రూపంలో ఉండే వోలిబేర్ ఇతనికి తమ్ముడి వరస, అన్నదమ్ములకి అస్సలు పడదు. తల మీద పొట్టేలు కొమ్ములు, చేతిలో సమ్మెట, నడక బద్ధకంగా. అందగాడు కాడు కాబట్టే చాలామంది ముట్టుకోరు.

ఒక్కో విద్యకి కీబోర్డు మీద ఒక్కో మీట: క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్. ఇతని ఆటంతా డబ్ల్యూ నొక్కడంలో ఉంది. ఓర్న్ నోటితో మంట ఊదుతూ ముందుకి నడుస్తాడు, ముప్పావు సెకను. అందులో చివరి ఊపు తగిలినవాడే 'బ్రిటిల్' అవుతాడు, అంటే పెళుసుబారతాడు. ఆ పెళుసు మీద స్టన్ పడినా, గాల్లోకి లేపినా అది 30 శాతం ఎక్కువసేపు ఉంటుంది, పైగా వాడి మొత్తం హెల్త్‌లోంచి ఒక వాటా ఊడుతుంది. మొదటి మూడు నెలలూ నేను చేసిన తప్పు ఒకటే. మంట తగులుతోంది కదా అని సంబరపడేవాణ్ణి, చివరి ఊపు తగిలిందా లేదా చూసేవాణ్ణి కాదు. మా అమ్మమ్మగారి ఊళ్లో తొలకరికి ముందు నాగటి కర్రులు సాగదీయించడానికి రైతులు కొలిమి దగ్గర బారులు తీరేవాళ్లు, తిత్తి లాగే పని పిల్లలమైన మాకు ఇచ్చేవాడు కమ్మరి తాత. ఎర్రబడగానే 'ఇక చాలు తాతా' అని నేను వదిలేస్తే, 'ఇంకొక్క ఊపు' అనేవాడు ఆయన. ఓర్న్ డబ్ల్యూ సరిగ్గా ఆ ఇంకొక్క ఊపే.

ఇందులోనే చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. మంట ఊదుతున్నంతసేపూ ఓర్న్‌ని ఎవరూ ఆపలేరు. డారియస్ గొడ్డలితో లాగినా రాడు. రాతి పాత్ర మాల్ఫైట్ అల్టీ (అన్నిటికన్నా పెద్ద విద్య, అల్టిమేట్) వేసుకుని మీద పడే క్షణంలో డబ్ల్యూ నొక్కితే మిగతా నలుగురూ గాల్లోకి లేస్తారు, మీరు మాత్రం నేల మీద నిలబడి ఊదుతూ ఉంటారు. ఇది మొదటిసారి కుదిరినప్పుడు రాత్రి ఒంటిగంటకి రూమ్మేట్‌ని లేపి రీప్లే చూపించాను. వాడు పక్కకి తిరిగి పడుకున్నాడు.

క్యూ నొక్కితే నేల చీలి, సెకను తర్వాత లావా స్తంభం లేస్తుంది. ఆ స్తంభం గోడతో సమానం. ఈ (E) మీట నొక్కి పరుగెత్తి దానికి గుద్దుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఎగిరిపడతారు. వరస ఇదీ: ముందు ఎదుటివాడి వెనక క్యూ, వెంటనే డబ్ల్యూ, తిత్తి ఊది ముగించేసరికి స్తంభం లేచి ఉంటుంది, ఇక తలతో గుద్దడమే. చదవడానికి సులువు. మ్యాచ్‌లో ఎదుటివాడు బొమ్మలా నిలబడడు కాబట్టి స్తంభం ఎక్కడ లేపాలో వాడు పారిపోబోయే దారిని బట్టి చూసుకోవాలి. నాకది అలవాటవడానికి ఏడాది పట్టింది.

లేన్‌లో మొదటి నాలుగైదు లెవెల్స్‌లో మాత్రం ఈ గుద్దుడు దాచుకోమంటాను. పెళుసుబారినవాణ్ణి మామూలు సమ్మెట దెబ్బ ఒక్కటి కొట్టినా వెనక్కి తుళ్లిపోతాడు, హెల్త్ వాటా అప్పుడూ ఊడుతుంది, ఆటకి ముందే ఎంచుకునే గ్రాస్ప్ రూన్ (అదనపు దెబ్బ ఇచ్చే శక్తి) సిద్ధంగా ఉంటే అదీ కలిసొస్తుంది. వాడు తేరుకుని మీదకి వచ్చేలోపు మీ మినియన్ల (దారి వెంట నడిచే బంట్ల) వెనక్కి వచ్చేయండి. కంసాలి వంద దెబ్బలు, కమ్మరి ఒక్క దెబ్బ అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ ఓర్న్ లేనింగ్‌కి అంతకన్నా మంచి గైడ్ లేదు.

ఇక కొలిమి. మిగతావాళ్లంతా వస్తువు కొనాలంటే బేస్‌కి, అంటే సొంత స్థావరానికి వెళ్లాలి. ఓర్న్ మాత్రం దెబ్బలాటలో లేనప్పుడు ఉన్నచోటే నిలబడి నాలుగు దెబ్బలు కొట్టి తయారుచేసుకుంటాడు. ఇది వరం అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి కొత్తవాళ్లని నిలువునా ముంచేది ఇదే. కవచం వస్తుంది గానీ హెల్త్ రాదు, మనా (విద్యలకి ఖర్చయ్యే శక్తి) రాదు, కాపలా కళ్లలాంటి వార్డులూ, ప్రాణం పెంచే పోషన్లూ అలా కొనడం కుదరదు. నేను మొదట్లో టవర్ కింద సగం ప్రాణంతో, చుక్క మనా లేకుండా కొత్త కవచం తొడుక్కుని నిలబడేవాణ్ణి. జంగ్లర్ వచ్చి ఇద్దరూ కలిసి టవర్ కిందే కొట్టేసేవాళ్లు. కొత్త చొక్కా తొడుక్కుని మరీ చచ్చినట్టు. ఇప్పుడు నా పద్ధతి వేరు: మినియన్ల గుంపుని అవతలి టవర్ కిందకి తోసి మామూలుగానే బేస్‌కి వెళ్లొస్తాను. దారి మధ్యలో గోల్డ్ సరిపోతేనే కొలిమి.

అల్టిమేట్ గురించి ఎంతైనా రాయొచ్చు. ఆర్ నొక్కితే మ్యాప్‌లో దూరంగా ఓ పెద్ద నిప్పు పొట్టేలు పుట్టి మన వైపే పరుగెత్తుకొస్తుంది. దారిలో తగిలినవాళ్లు పెళుసుబారతారు. అది మన దగ్గరికి వచ్చే క్షణంలో మళ్లీ నొక్కి, ఎదురెళ్లి తలతో ఢీకొట్టి మనకి కావలసిన వైపు తిప్పాలి. రెండోసారి తగిలినవాళ్లు గాల్లోకి లేస్తారు. సంక్రాంతి పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకి ఆ ఢీ ఎప్పుడు జరగాలో ఒంట్లోనే తెలుస్తుంది. ఆడేవాడు కంగారు పడితే మాత్రం పొట్టేలు పక్కనుంచి పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఎవడైనా స్టన్ చేసినా అంతే, నొక్కడానికి వేళ్లుంటాయి, వినే ఓర్న్ ఉండడు. మొదటి వంద మ్యాచ్‌ల్లో నా పొట్టేళ్లు సగం అడవిలోకే పోయాయి.

పింగ్, అంటే నొక్కింది సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం, కూడా ఇక్కడే కరుస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సర్వర్‌కి నాకు 70-80 మిల్లీసెకన్లు వస్తుంది, వాన పడిన రాత్రి 140. అలాంటి రాత్రి పొట్టేలు మూతి కనబడగానే కొట్టాలి, కొమ్ములు కనబడేదాకా ఆగితే ఆలస్యం. రివెన్ లాంటి వేళ్ల నాట్యం పాత్రలతో పోలిస్తే ఈ పింగ్‌కి ఓర్న్ చాలా నయం అని మాత్రం ఒప్పుకోవాలి.

ఓర్న్‌ని ఏ పాత్ర మీద తీయకూడదు? ఫియోరా. ఆవిడ మన చుట్టూ గుర్తు పెట్టి కొట్టే చోట్లు, వైటల్స్, మన మొత్తం హెల్త్‌లో శాతాన్ని నేరుగా కోస్తాయి, కవచం అడ్డుపడదు. ఆవిడ తన డబ్ల్యూతో మన గుద్దుడుని అడ్డుకుంటే తిరిగి మనకే స్టన్. 2020 ప్రపంచ పోటీ ఫైనల్లో సునింగ్ జట్టు బిన్ ఇదే ఫియోరాతో పెంటాకిల్ (ఎదుటి ఐదుగురినీ ఒక్కడే చంపడం) కొట్టాడు, ఆ వీడియో చూస్తే ఈ భయం ఎందుకో అర్థమవుతుంది. నేను చేసేదల్లా ఒకటే: ఆవిడ అడ్డు వాడేదాకా ఈ (E) మీట నొక్కను. అల్టీలో మొదటి పొట్టేలు పరుగు చూసి కంగారుపడి అడ్డు వాడేసేవాళ్లు ఎక్కువ, అప్పుడు తిప్పికొట్టిన పొట్టేలు నిక్కచ్చిగా తగులుతుంది. అదీ వాడకుండా ఓపిక పట్టిన ఫియోరా దొరికితే టవర్ కింద దొరికినన్ని మినియన్లు ఏరుకుని, టెలిపోర్ట్ (ఉన్నచోటి నుంచి దూరానికి దూకే విద్య) మిగతా జట్టు కోసం దాచుకుంటాను. పై దారికి వచ్చే వేన్ అనే పాత్రదీ ఇదే కథ, ఇంకాస్త దూరం నుంచి.

వీళ్లిద్దరి మీదా హెల్త్ పెంచే హార్ట్‌స్టీల్ అనే వస్తువు కొనొద్దు. ఆ గంట మోగినట్టుండే చప్పుడు కోసం, అంకె పెరగడం చూడటం కోసం నేనూ కొన్నాళ్లు ప్రతి మ్యాచ్‌లో కొన్నాను. శాతం లెక్కన కోసేవాళ్లకి హెల్త్ పెంచి ఇవ్వడం దొంగకి తాళం ఇవ్వడమే. ఓర్న్‌కి కొన్న కవచం మీద పదో వంతు అదనంగా వంట్లోంచే వస్తుంది, అది వాడుకోండి. మిగతా వస్తువులు ఆటకి మార్పులు తెచ్చే ప్రతి ప్యాచ్‌కీ మారేవే, వాటి జోలికి పోను.

మొన్న శనివారం మ్యాచ్ చెప్తాను. ఇరవై నిమిషాలకి నా ఎదురు ఫియోరా ఆరు కిల్స్, నేను సున్నా, నాలుగు చావులు. మావాడు ఒకడు అప్పటికే సరెండర్ ఓటు పెట్టాడు. డ్రాగన్ గుంట దగ్గర వాళ్లు ఐదుగురూ గుమిగూడారు. గుంట గోడ వెనక నిలబడి ఆర్ నొక్కాను. పొట్టేలు వాళ్ల వెనక నుంచి వచ్చింది, ముగ్గురు పెళుసుబారారు, ఫియోరా అడ్డు వాడేసింది. ఒక్క లెక్క ఆగి ఢీకొట్టాను. నలుగురు లేచారు. ఆ రెండు సెకన్లలో చంపినవన్నీ మా జట్టులోని తుపాకీ పాత్ర జింక్స్‌వి, నా పేరు మీద ఒక్కటీ లేదు.

ఆ జింక్స్‌ని ఆడుతున్నది మా కాలేజీ స్నేహితుడు. 13వ లెవెల్ దాటాక ఓర్న్ తన వస్తువునే కాదు, ఒక్కో లెవెల్‌కీ జట్టులో ఒకరి వస్తువునీ పైసా తీసుకోకుండా మెరుగుపరుస్తాడు, కాకపోతే వాళ్ల పక్కకి వెళ్లి చెయ్యాలి. నేను మ్యాప్ ఈ చివర టవర్ కొడుతున్నాను, వాడు ఆ చివర. పద్నాలుగో లెవెల్ పడగానే డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో వాడి గొంతు వినిపించింది, 'కమ్మరి గారూ, నా తుపాకీ సంగతేంటి?'

టవర్ ఇంకా రెండు దెబ్బల్లో పడేది. వదిలేసి నడిచాను.