సీజ్ అయిన పంపు ఇంజిన్‌ను బాగు చేయించి నాలుగేళ్లు వాడాక

మా నీళ్ల పంపు ఇంజిన్ పట్టేసిన (సీజ్ అయిన) రోజు స్టార్ట్ చేసే తాడు అంగుళం కూడా కదల్లేదు. చూసినవాళ్లలో సగం మంది "పక్కన పడేసి కొత్తది కొనుక్కోండి" అన్నారు. మిగతా సగం "పిస్టన్ కిట్టు మారిస్తే సరిపోతుంది" అన్నారు. ఎవరూ ఇంజిన్ విప్పి చూసి చెప్పలేదు. నేను విప్పించాను, బాగు చేయించాను, ఆ తర్వాత నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఇదే తలనొప్పితో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మాది 163 సీసీ ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్. 68 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 45 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). హోండా జీఎక్స్160 కొలతలు ఇవే. చాలా కంపెనీలు ఈ కొలతలతోనే ఇంజిన్లు చేస్తున్నాయి కాబట్టి పిస్టన్, రింగులు, రాడ్, గాస్కెట్లు సులువుగా దొరుకుతాయి. బాగు చేయించాలా వద్దా అన్న ఆలోచన ఇక్కడే మొదలవ్వాలని నా అభిప్రాయం. స్పేర్ పార్టులు దొరకని ఇంజిన్‌ని విప్పించి లాభం లేదు.

ఎందుకు పట్టేసిందో దాచుకోకుండా చెప్తాను. పంపుని వాలుగా ఉన్న గట్టు మీద పెట్టేవాళ్లం. ఈ ఇంజిన్లలో ఆయిల్ తగ్గితే ఆపేసే సెన్సార్ ఉంటుంది. వాలులో ఆయిల్ ఒక పక్కకి చేరడంతో అది మాటిమాటికీ ఇంజిన్‌ని ఆపేసేది. విసుగొచ్చి సెన్సార్ వైరు పీకేశాం. ఆ తర్వాత అస్సలు ఆగలేదు. ఆరో ఏడు, ఒక మధ్యాహ్నం కీచుమని అరిచి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూస్తే చివర్న కొంచెం నల్లటి తడి, అంతే. దాని కెపాసిటీ దాదాపు 0.6 లీటరు. అందులో పావు వంతు కూడా మిగల్లేదు.

తాడు కదలనంత మాత్రాన ఇంజిన్ సీజ్ అయినట్టు కాదు. ముందు ప్లగ్గు తీయాలి. కార్బురేటర్ నుంచి పెట్రోలు కారి సిలిండర్ నిండినా, లోపలికి నీళ్లు వెళ్లినా ఇంజిన్ ఇలాగే బిగుసుకుంటుంది. ప్లగ్గు తీశాక మెల్లగా తిప్పితే ఆ నీళ్లో పెట్రోలో బయటికి చిమ్మి అదే వదులవుతుంది. తర్వాత తాడు ఉండే స్టార్టర్ కవర్ విప్పాలి, ఒక్కోసారి పట్టేసేది ఆ స్ప్రింగే. మూడోది, ఇంజిన్ దేనికి బిగించి ఉందో దాన్ని విడదీసి చూడాలి. పంపులో రాయి ఇరుక్కున్నా తాడు కదలదు. ఈ మూడూ చూడకుండా మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లకండి.

మాది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఫ్లైవీల్ నట్టు మీద పానా పెట్టి, బిగిసే వైపు మెల్లగా ఒత్తాను. చల్లారిన తర్వాత పావు చుట్టు తిరిగి, గట్టిగా ఆగింది. ఇలా వేడి మీద పట్టేసి, చల్లారాక కాస్త కదిలిందంటే లోపల లోహానికి లోహం రాసుకుందని అర్థం. ఏళ్ల తరబడి మూలన పడి తుప్పుతో పట్టేసిన ఇంజిన్ సంగతి వేరు. దానికి ప్లగ్గు రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు నానబెట్టి, అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడిస్తే చాలాసార్లు వదులుతుంది. ఓపిక పట్టాలి, బలం చూపిస్తే రింగులు విరుగుతాయి.

అసలు నిర్ణయం క్రాంకు పిన్ దగ్గర, అంటే పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్ కింది చివర పట్టుకుని తిరిగే ఉక్కు పిన్ దగ్గర జరుగుతుంది. ఈ చిన్న ఇంజిన్లలో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున చెంచా లాంటి చిన్న ముక్క తిరుగుతూ ఆయిల్‌ని పైకి చిమ్ముతుంది. అల్యూమినియం రాడ్ క్రాంకు పిన్ మీద నేరుగా తిరుగుతుంది, మధ్యలో విడిగా బేరింగ్ ఉండదు. రెంటికీ మధ్య ఖాళీ తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ ఖాళీలో ఆయిల్ పొర పోయిందంటే అల్యూమినియం కరిగినట్టు మెత్తబడి ఉక్కు పిన్‌కి అంటుకుపోతుంది.

మా మెకానిక్ పెద్దాయన సైడు కవర్ తీసి రాడ్ విప్పగానే అదే కనిపించింది. పిన్ చుట్టూ వెండి పూత పూసినట్టు అల్యూమినియం పొరలు, మధ్యమధ్యలో నల్లటి కాలిన మచ్చలు. నేనైతే ఆశ వదిలేసుకున్నాను. ఆయన మాత్రం "తొందరపడకండి సార్, కింద పిన్ ఎలా ఉందో చూద్దాం" అన్నారు. సన్నటి ఎమరీ క్లాత్‌ని రిబ్బనులా చించి, ఆయిల్‌లో ముంచి, పిన్ చుట్టూ వేసి రెండు చేతులతో అటూ ఇటూ లాగుతూ అరగంట కూర్చున్నారు. అంటుకున్న అల్యూమినియం మొత్తం ఊడిపోయి కింద ఉక్కు తళతళలాడింది. గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగల్లేదు. మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే అన్ని చోట్లా ఒకటే వచ్చింది, అంటే పిన్ కోలగా అరిగిపోలేదు. అప్పుడే ఆయన "చేద్దాం" అన్నారు. గోరుకి గాడి తగిలి ఉంటే కొత్త క్రాంకు వేయాలి, అప్పుడు కొత్త ఇంజిన్ కొనడమే నయమని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. డబ్బు కట్టేముందు క్రాంకు పిన్‌ని మీ కళ్లతో చూడండి, ఎంత మొహమాటం అనిపించినా సరే.

బోరు విషయంలో మాకు కలిసొచ్చింది. మా సిలిండర్ లోపల పోత ఇనుము లైనర్ (తొడుగు) ఉంది. సన్నటి గీతలు పడ్డాయి కానీ గోరుకి తగల్లేదు. హోనింగ్ చేసి (సిలిండర్ లోపలి గోడని సన్నగా సానపట్టి) కొత్త రింగులు వేస్తే చాలనుకున్నారు. గీతలు లోతుగా ఉంటే రీబోరు చేసి (సిలిండర్‌ని లోపల కొంచెం వెడల్పు చేసి) 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ వేయొచ్చు. లైనర్ లేకుండా ఉత్త అల్యూమినియం బోరు ఉండే చవక ఇంజిన్ అయితే, గీతలు పడ్డాక నేను బాగు చేయించను.

కొత్త రాడ్, రింగులు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు, కూలీ అన్నీ కలిపి కొత్త ఇంజిన్ ధరలో మూడో వంతు అయింది. సగం దాటితే వద్దని ముందే అనుకున్నాను. కొత్తది కొనేవాళ్లు పంపు తగిలించే షాఫ్టు 19.05 మి.మీ.దా, 20 మి.మీ.దా అని కొలుచుకోవాలి, లేకపోతే పాత పంపు దానికి ఎక్కదు. రాడ్ బోల్టులు బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఈ ఇంజిన్‌కి 12 న్యూటన్ మీటర్లు మాత్రమే, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించారు. చేతి అంచనాతో బిగిస్తే ఒప్పుకోకండి.

బాగు చేయించి నష్టపోయిన అనుభవం కూడా ఉంది. అంతకుముందు మా గడ్డి కోసే టూ స్ట్రోక్ మెషీన్‌లో ఎవరో ఆయిల్ కలపని పెట్రోలు పోశారు. లీటరుకి 20 మి.లీ. కలపాల్సింది. సైలెన్సర్ తీసి ఆ రంధ్రంలోంచి చూస్తే పిస్టన్ మీద నిలువునా చారలు. పిస్టన్, సిలిండర్ కొత్తవి వేశాం. బాగా స్టార్టయింది కూడా. ఒక సీజన్ తిరక్కుండానే క్రాంకు బేరింగ్ పోయింది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు క్రాంకు కేసు గుండానే వెళ్తుంది కాబట్టి, సీజ్ అయినప్పుడు రాలిన లోహపు పొడి ఆ బేరింగుల్లోకి చేరిపోయింది. కింది భాగం విప్పి కడగకుండా పైన కొత్త సామాను వేయడం వృథా. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ఈ నాలుగేళ్ల సంగతి. మొదటి ఆయిల్ రెండు గంటలు నడిపి తీసేశాం, ఎండలో పెట్టి చూస్తే సన్నటి మెరుపులు. 20 గంటలకి మళ్లీ మార్చాం, మెరుపులు లేవు. ఇప్పుడు 50 గంటలకోసారి మారుస్తున్నాను. రెండో లాగుకి స్టార్టవుతుంది, నీళ్లు పూర్వంలాగే వస్తున్నాయి. అయితే కొత్తదానిలా ఉందని చెప్పను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు నీలం పొగ వస్తుంది, ఆయిల్ మునుపటి కంటే కొంచెం ఎక్కువ తాగుతుంది. పిస్టన్ కూడా అప్పుడే మార్పించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. పాత పిస్టన్‌లో రింగు గాడులు కొంచెం వదులుగా ఉన్నాయని మెకానిక్ పెద్దాయన చెప్పినా ఖర్చుకి వెనకాడాను.

సెన్సార్ వైరు మళ్లీ తగిలించాం. గట్టు మీద పల్లం వైపు చెక్క పెట్టి, పంపు కింద మట్టం చూసుకున్నాకే తాడు లాగుతున్నాను. ఈ నాలుగేళ్లలో సెన్సార్ రెండుసార్లు ఇంజిన్‌ని ఆపింది. రెండుసార్లూ నిజంగానే ఆయిల్ తగ్గింది.