హైజీన్ కోసం రిటర్న్ తీసుకోరట, వాడేసిన హై ఫ్రీక్వెన్సీ వాండ్ మాత్రం పంపుతారట! కొనేవాళ్ళు జాగ్రత్త

ముందే చెప్తున్నా, మంచి కోపంలో రాస్తున్నా. అక్కడక్కడా మాట తూలితే సర్దుకోండి. ఇంట్లో మొటిమలకి వాడుకునే హై ఫ్రీక్వెన్సీ వాండ్ కొందామని చూస్తున్నవాళ్ళు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. ఏ షాపో పేరు రాయను. రాస్తే ఈ పోస్ట్ తీయించేదాకా నిద్రపోరు. లైవ్‌లో గది లైట్లు ఆర్పేసి, ఊదారంగు గాజు గొట్టం బుగ్గ మీద తిప్పుతూ, "ఇంకా కొన్ని పీసులే ఉన్నాయి మేడమ్" అని అమ్మేవాళ్ళు అంటే మీలో సగం మందికి అర్థమైపోయి ఉంటుంది.

కథ క్లుప్తంగా. నాకు గడ్డం చుట్టూ మొటిమలు. పార్లర్‌లో ఫేషియల్ చివర ఆవిడ ఈ వాండ్ కాసేపు తిప్పేది, ఎర్రదనం తొందరగా తగ్గినట్టు అనిపించేది. ప్రతిసారీ అక్కడికి పరిగెత్తలేక ఇంట్లోనే ఒకటి ఉంచుకుందామనుకున్నా. అంతే, ఇందులో పెద్ద విశేషం ఏమీ లేదు.

అలాగని గుడ్డిగా కొన్లేదు. అదే ఇంకా మండుతోంది నాకు. ఈ వస్తువు గురించి బాగానే చదివా. హ్యాండిల్ లోపల చిన్న కాయిల్ ఉంటుంది, అది కరెంటును చాలా ఎక్కువ వోల్టేజ్‌కి, చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది. గాజు గొట్టంలో గాలి ఉండదు, తక్కువ ఒత్తిడిలో ఏదో ఒక గ్యాస్ నింపుతారు. నియాన్ అయితే నారింజ ఎరుపులో వెలుగుతుంది, ఆర్గాన్ అయితే ఊదారంగులో. గాజు చర్మానికి తగిలే చోట సన్నగా చిటపటమని చిన్న స్పార్క్‌లు వస్తాయి, చుట్టూ ఉన్న గాలిలో కొంచెం ఓజోన్ పుడుతుంది. జెరాక్స్ మెషీన్ దగ్గర నిలబడితే వచ్చే ఆ ఘాటు వాసన ఉంటుంది చూడండి, అదీ అది. మొటిమల్లో ఉండే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అంటే పడదు కాబట్టి పని చేస్తుందని అమ్మేవాళ్ళ వాదన. గట్టి పరిశోధనలు పెద్దగా లేవని కూడా చదివా. అయినా పార్లర్‌లో నాకు బాగానే అనిపించింది కాబట్టి సరే అనుకున్నా.

కొనేముందు ఆ షాపువాళ్ళని చాట్‌లో అడగాల్సినవన్నీ అడిగా. ఎన్ని ఎలక్ట్రోడ్లు, అంటే ఆ గాజు గొట్టాలు, వస్తాయి? మష్రూమ్, దువ్వెన, వంకర గొట్టం, చెంచా ఆకారంది, నాలుగూ. మా ఇంట్లో కరెంటు 230 వోల్ట్‌లు, పని చేస్తుందా? "అన్ని దేశాల్లో పని చేస్తుంది మేడమ్." మా చెల్లి కడుపుతో ఉంది, తనూ వాడొచ్చా? "అందరికీ సేఫ్ మేడమ్, నేచురల్ టెక్నాలజీ." ఆ మాటకే నేను అక్కణ్ణుంచి బయటికి వచ్చేయాల్సింది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చేవాళ్ళు దీని జోలికి పోకూడదని కొంచెం పేరున్న ఏ కంపెనీ మాన్యువల్ తీసినా మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. చెల్లికి ఎలాగూ ఇవ్వనులే, షాపువాళ్ళకి తెలియక అన్నారేమో అనుకుని ఊరుకున్నా. ఎంత విశాల హృదయం నాది! పక్కన డిస్కౌంట్ టైమర్ టిక్కు టిక్కుమని తగ్గిపోతోంది కదా, అది కూడా కొంత విశాలం చేసి ఉంటుంది.

పార్సెల్ వచ్చింది. పెట్టెకి టేపు మీద టేపు ఉంది, కింది టేపు ఒకసారి కోసి ఉంది. దారిలో చిరిగి ఉంటుందిలే అనుకున్నా. మూత తీశా. నల్ల ఫోమ్‌లో నాలుగు గొట్టాలూ చక్కగా పడుకుని ఉన్నాయి. మష్రూమ్ గొట్టం చేతిలోకి తీసుకున్నా. గాజు, దాని లోహపు మూత కలిసే చోట చుట్టూరా తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది. గోటితో గీకితే పొడి పొడిగా రాలింది. క్రీమ్. ఎవరో ముఖానికి రాసుకున్న క్రీమ్. వాసన కూడా వస్తోంది, ఏదో గులాబీ సెంటు. తర్వాత దువ్వెన ఎలక్ట్రోడ్ తీశా. దాని పళ్ళ మధ్య పొడవాటి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.

ఒక్క నిమిషం దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నా. కొత్తది అని డబ్బులు కట్టించుకుని, ఎవరి మొటిమల మీదో, ఎవరి తల మీదో తిప్పిన గాజు గొట్టాలు నాకు పంపారు. తుడవడానికి కూడా ఓపిక లేకపోయింది వాళ్ళకి. కనీసం తుడిచి మోసం చేసి ఉంటే నాకు తెలిసేది కాదు, హాయిగా వాడుకునేదాన్ని!

ఫోటోలు తీసి చాట్‌లో పెట్టా. కొనకముందు నిమిషంలో జవాబు ఇచ్చినవాళ్ళు ఈసారి మర్నాడు ఇచ్చారు. ఏమనో తెలుసా? "డియర్ కస్టమర్, ఇది చర్మానికి తగిలే వస్తువు. హైజీన్ కారణాల వల్ల ఒకసారి తెరిచిన పీస్ వెనక్కి తీసుకోము. మిగతా కస్టమర్ల భద్రత మాకు ముఖ్యం."

మళ్ళీ చదువుకున్నా. మిగతా కస్టమర్ల భద్రత. మరి నేనెవర్ని బాబూ? నాకు పంపినది ఏ కస్టమర్ తెరిచి, వాడి, వెనక్కి పంపింది? మీరు తెరిచిన పీస్ వెనక్కి తీసుకోనివాళ్ళయితే, ఈ తెరిచిన పీస్ మీ దగ్గరికి ఎలా వచ్చింది? ఇదే అడిగా, ఇంతకంటే మర్యాదగానే. అప్పుడు వచ్చింది అసలు జవాబు.

"ఆ వెంట్రుక మీది కాదని ఎలా చెప్పగలరు మేడమ్?"

నా జుట్టు భుజం దాకా కూడా రాదు. ఆ వెంట్రుక మూరెడు ఉంది, చివర్లకి రాగి రంగు వేసి ఉంది. అది కూడా ఫోటో తీసి, పక్కన నా జుట్టు పెట్టి చూపించా. నా వయసులో ఒక మనిషి అర్ధరాత్రి బాత్‌రూమ్ లైటు కింద నిలబడి, ఎవరిదో తెలియని వెంట్రుకని తన జుట్టు పక్కన పెట్టి ఫోటో తీసుకోవాల్సి రావడం ఏంటండీ? మా ఆయన లేచి వచ్చి, "ఏం చేస్తున్నావ్ ఈ వేళప్పుడు?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఫోటోకి వాళ్ళ సమాధానం: "ఇంట్లో వేరేవాళ్ళు వాడి ఉండొచ్చు మేడమ్, ఒకసారి అడిగి చూడండి." పక్కన ఒక నవ్వు బొమ్మ. ఆ నవ్వు బొమ్మ దగ్గరే నాకు తిక్క రేగింది. డబ్బు పోతే పోయింది, తప్పు వాళ్ళది పెట్టుకుని నా ఇంట్లోవాళ్ళని నన్నే విచారించమంటారా? ఇంకేదో టైప్ చేస్తుండగానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని టికెట్ క్లోజ్ చేసేశారు. అడగకుండానే అయిదు నక్షత్రాలు ఇవ్వమని మెసేజ్ కూడా వచ్చింది.

ఇక్కడితో ఆగిందనుకోకండి. కడిగి స్పిరిట్‌తో తుడిచి ఎలక్ట్రోడ్లు వాడుకోవచ్చు కదా అని మా వదిన సలహా. హ్యాండిల్ తుడుస్తుంటే కింద ఉన్న తెల్ల స్టిక్కర్ అంచు లేచింది. "ఇన్‌పుట్ 220 నుంచి 240 వోల్ట్‌లు" అని ఉన్న స్టిక్కర్. లాగి చూస్తే దాని కింద ప్లాస్టిక్ మీదే అచ్చు వేసి ఉంది: 110 వోల్ట్‌లు. అంటే 110 వోల్ట్‌ల కరెంటు ఉండే దేశానికి తయారైన పీస్ మీద స్టిక్కర్ అంటించి మాకు అమ్మారన్నమాట. పెట్టెలో "ఫ్రీ గిఫ్ట్" అని ఒక ప్లగ్ అడాప్టర్ పెట్టారు, అదెందుకో అప్పుడు అర్థమైంది. అడాప్టర్ పిన్నుల ఆకారం మార్చుతుందే గానీ వోల్టేజ్ తగ్గించదు. 110 వోల్ట్‌ల పరికరాన్ని 230లో పెడితే దానికి వెళ్ళే వోల్టేజ్ రెట్టింపు దాటుతుంది, లోపల పుట్టే వేడి అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. ముఖం మీద పెట్టుకునే వస్తువు ఇది! కాయిల్ మాడి పొగ వస్తే అదృష్టం అనుకోవాలి, పొగ రాకుండా ఇన్సులేషన్ పోయి ఉంటే?

ఈ ఫోటో కూడా పంపా. ఇంకో టికెట్ తెరిచి. జవాబు చూడండి: "ఒకసారి ప్లగ్ పెట్టి చూడండి మేడమ్, వెలిగితే ప్రాబ్లం లేనట్టే."

నేను పెట్టలేదు. మీరూ పెట్టొద్దు.

ఆ తర్వాత కోపంతో వాళ్ళ లిస్టింగ్ మళ్ళీ మొదటి నుంచి చదివా. ఎరుపు గొట్టం దగ్గర "రెడ్ లైట్ థెరపీ" అని ఉంది. నియాన్ గ్యాస్ వెలుగు వేరు, రెడ్ లైట్ థెరపీలో వాడే ఎల్‌ఈడీ వెలుగు వేరు, ఆ రెంటికీ సంబంధమే లేదు. ముడతలు, బట్టతల, కళ్ళ కింద నలుపు, మెడ నొప్పి, సైనస్, అన్నీ పోతాయట. ఇదేమీ కొత్త విద్య కాదు లెండి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఇదే వస్తువుని "వయొలెట్ రే" అనే పేరుతో, ఇదే ఊదారంగు వెలుగు చూపించి, సకల రోగాలకీ మందు అని అమ్మారు. ఆ ప్రచారాలు శ్రుతి మించాక అక్కడి ప్రభుత్వమే కలగజేసుకుని చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. వందేళ్ళు దాటినా వాళ్ళ వారసులు బాగానే వ్యాపారం చేసుకుంటున్నారు, కొనడానికి నాలాంటివాళ్ళం ఎలాగూ ఉన్నాం.

ఇప్పటి పరిస్థితి: కార్డుతో కట్టా కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశా. ఫోటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు, స్టిక్కర్ పీకిన వీడియో, అన్నీ జతచేశా. నిన్న ఆ షాపు నుంచి ఎవరో ఫోన్ చేసి, రివ్యూ తీసేస్తే సగం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. నిన్నటిదాకా ఆ వెంట్రుక నాదే కదా, మరి సగం డబ్బు ఎందుకిస్తున్నారు అని అడిగితే ఫోన్ పెట్టేశారు.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు, గబగబా. పార్సెల్ టేపు కోసే ముందే వీడియో ఆన్ చేయండి, ఎలక్ట్రోడ్ లోహపు మూతల దాకా దగ్గరగా తీయండి. నా దగ్గర వీడియో పెట్టె తెరిచాక మొదలవుతుంది, దాన్నే వాళ్ళు పట్టుకుని వేలాడుతున్నారు. వోల్టేజ్ స్టిక్కర్ మీద కాదు, ప్లాస్టిక్ మీద ఏం అచ్చు వేసి ఉందో చూడండి. కొనకముందే ఆ చోటు ఫోటో అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. రిటర్న్ పాలసీలో "హైజీన్" అనే మాట ఉంటే, పాడైన పీస్, వాడిన పీస్ వస్తే ఏం చేస్తారో చాట్‌లో రాతపూర్వకంగా చెప్పించుకోండి. డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాకి పంపొద్దు, కార్డు అయితే కనీసం బ్యాంకుని అడిగే దారి ఉంటుంది.

ఇక మంచి పీసే దొరికినవాళ్ళకి: గొట్టం పెట్టేటప్పుడు, తీసేటప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. ఆల్కహాల్ ఉన్న టోనర్ రాసుకుని దీన్ని వాడకండి, స్పార్క్‌కి అంటుకుంటుంది. చెవి కమ్మలు, ముక్కుపుడక, గొలుసు తీసేయండి. నాబ్ తక్కువలో మొదలుపెట్టండి, ఒకే చోట ఆపి ఉంచకండి, కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ ఓజోన్ ఎక్కువసేపు పీల్చేది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు వద్దే వద్దు, ఏ షాపువాడు "అందరికీ సేఫ్" అన్నా సరే.

బ్యాంకు ఏం తేల్చిందో కామెంట్లలో పెడతా. ఈలోగా ఇదే షాపు నుంచి ఇలాంటి పీస్ వచ్చినవాళ్ళుంటే, హ్యాండిల్ కింద స్టిక్కర్ ఒకసారి పీకి చూసి ఇక్కడ చెప్పండి.