తాల్ ఆటలతో దాడి నేర్పే ఆదివారం తరగతి: టి.నగర్ శిక్షణపై ఒక సమీక్ష

చెన్నై టి.నగర్‌లో, పాండీ బజారు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక ఇంటి మేడమీది హాలులో ఎనిమిది ఆదివారాల పాటు సాగే చదరంగ శిక్షణ ఒకటుంది. ఈ నగరంలో చదరంగం నేర్పేవారికి కొదవ లేదు గానీ, ఈ శిక్షణ రెండు విషయాల్లో ప్రత్యేకమైనది. మొదటిది, పాఠాలన్నీ ఒకే ఒక్క ఆటగాడి, అంటే 1960లో ప్రపంచ ఛాంపియన్ అయిన సోవియట్ ఆటగాడు మిఖాయిల్ తాల్ ఆటల ఆధారంగానే నడుస్తాయి. రెండవది, బోధన తెలుగులో జరుగుతుంది. బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలు గుర్రం, శకటు (బిషప్), బంటు అన్న మాటలతో ఒక గ్రాండ్‌మాస్టర్ ఆటను విశ్లేషించడం ఇక్కడ తప్ప నేనెక్కడా వినలేదు. మా అమ్మాయిని చేర్పించాను. పెద్దలను వెనుక వరుసలో కూర్చోనిస్తారు కాబట్టి పాఠాలన్నీ నేనూ విన్నాను.

చెన్నైలో తాల్ పేరు మీద తరగతి నడపడం యాదృచ్ఛికమేమీ కాదు. ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో 1972లో మొదలైన చెస్ క్లబ్బుకు తాల్ పేరే పెట్టారు. 1988లో మన దేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్ అయిన విశ్వనాథన్ ఆనంద్ చిన్నతనంలో ఆడి రాటుదేలినది అక్కడే. కాబట్టి ఈ ఊరి చదరంగానికి తాల్ ఒక విధంగా పూర్వీకుడే. ఈ సంగతిని మాస్టారు మొదటి పాఠంలో ఒక్క మాటలో చెప్పి వదిలేశారు. నా ఉద్దేశంలో ఇంకాసేపు చెప్పవలసింది.

జీవిత విశేషాలకు ఆయన కేటాయించిన సమయం తక్కువే, అది మంచిదే. 1936 నవంబరు 9న లాత్వియాలోని రీగాలో ఒక వైద్యుని ఇంట పుట్టడం, పుట్టుకతోనే కుడిచేతికి మూడు వేళ్లే ఉండడం, కోబ్లెంట్స్ శిష్యరికం, 1957లోనూ 1958లోనూ వరసగా సోవియట్ ఛాంపియన్ కావడం, ఇవన్నీ అరగంటలో ముగిశాయి. ఆ చేతిని గురించి జాలిగొలిపే ప్రసంగం వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. మాస్టారు నేరుగా 1959 క్యాండిడేట్స్ పోటీకి, అంటే ప్రపంచ ఛాంపియన్‌ను సవాలు చేసేదెవరో తేల్చే పోటీకి, వెళ్లిపోయారు. యుగొస్లావియాలో ఎనిమిది మంది ఒక్కొక్కరితో నాలుగేసి ఆటలు ఆడిన ఆ పోటీలో తాల్ 28 ఆటలకు 20 పాయింట్లు సాధించి, కెరెస్ కంటే ఒకటిన్నర పాయింట్లు ముందు నిలిచాడు. అప్పటికి పదహారేళ్ల బాబీ ఫిషర్‌ను నాలుగు ఆటల్లోనూ ఓడించాడు. తాల్ చూపులో ఏదో వశీకరణం ఉందని నమ్మిన తోటి పోటీదారు బెన్కో నల్లకళ్లద్దాలు పెట్టుకుని వస్తే, తాల్ కూడా మరో పోటీదారు పెట్రోస్యాన్ దగ్గర నల్లకళ్లద్దాలు అరువు తెచ్చుకుని పెట్టుకుని ఆడిన కథ ఇక్కడే వస్తుంది. పిల్లలు పగలబడి నవ్వారు.

ఆ పోటీలోనే స్మిస్లోవ్‌తో జరిగిన ఆటకు ఒక ఆదివారం మొత్తం ఇచ్చారు. స్మిస్లోవ్ సామాన్యుడు కాడు, అంతకు రెండేళ్ల క్రితమే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. కారో-కాన్ ఆరంభంతో మొదలైన ఈ ఆటలో తాల్ తన శకటును పోనిచ్చి, పావులన్నిటినీ నల్లరాజు మీదికి మళ్లించాడు. 19వ ఎత్తులో తెల్ల మంత్రి ఎఫ్7 (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు) గడిలోని బంటును చంపి అక్కడే నిలబడుతుంది. దాన్ని ఏనుగుతో చంపడానికి అడ్డేమీ లేదు. కానీ చంపిన మరుక్షణం డీ1లోని తెల్ల ఏనుగు డీ8లోని శకటును చంపి చెక్ చెబుతుంది, గుర్రాన్ని అడ్డం వేసినా హెచ్6లోని తెల్లగుర్రం ఎఫ్7లోకి దూకి ఆటకట్టిస్తుంది. మూలన ఉన్న రాజుకు తన పావులే గోడలవుతాయి. అందుకే స్మిస్లోవ్ ముందు తన మంత్రితో ఏ1లో చెక్ చెప్పి ఆ తరువాత తెల్ల మంత్రిని చంపవలసి వచ్చింది. దానితో తన మంత్రినీ పోగొట్టుకుని 26వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పుకున్నాడు. మాస్టారు ఈ ఎత్తును చివరి దాకా దాచి, 10వ ఎత్తు నుంచి ప్రతి ఎత్తు దగ్గరా ఆగి, ఇప్పుడు ఏ పావు పనిలేకుండా ఉంది అని మాత్రమే అడుగుతూ వచ్చారు. మంత్రి బలి వచ్చేసరికి, అప్పటికే చేతికందిన పావులన్నీ ఒకచోట చేరి ఉండడాన్ని పిల్లలు కళ్లారా చూశారు. దాడిని మెరుపులా కాక కూడబలుక్కున్న పనిలా చూపించడం ఈ శిక్షణలోని మొదటి గొప్పతనం.

రెండవది, నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైనది, 1960 ప్రపంచ పోటీలోని ఆరవ ఆట మీద నడిచిన పాఠం. మాస్కోలోని పుష్కిన్ థియేటర్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ బొత్వినిక్‌తో జరిగిన ఆ పోటీలో తాల్ 12½–8½ తేడాతో గెలిచి, 23 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంతకంటే చిన్న వయసులో అంతకుముందు ఆ పట్టం ఎవరికీ దక్కలేదు. (1985లో కాస్పరోవ్ 22 ఏళ్లకు, 2024లో మన చెన్నై కుర్రవాడు గుకేశ్ 18 ఏళ్లకు ఆ గీత దాటారు.) ఆరవ ఆటలో నల్లపావులతో ఆడుతున్న తాల్ 21వ ఎత్తులో గుర్రాన్ని తీసుకెళ్లి ఎఫ్4 గడిలో ఒక తెల్ల బంటు నోటికి అందించాడు. ఆ బంటు గుర్రాన్ని చంపగా, ఈ5లోని నల్లబంటు ఎఫ్4కు వచ్చింది, దానితో వెనుక జీ7లో బందీగా ఉన్న శకటుకు దారి తెరుచుకుంది. హాలులో ప్రేక్షకుల గుసగుసలు గోలగా మారి, చివరికి ఆటను వేదిక వెనుక గదిలోకి మార్చవలసి వచ్చింది.

మాస్టారు ఈ ఆటను చెప్పలేదు, ఆడించారు. పిల్లలందరినీ బొత్వినిక్ పక్షాన కూర్చోబెట్టి, 25వ ఎత్తు ముందున్న స్థితిని పలకల మీద పేర్చి, గడియారాలు నడిపించి, పది నిమిషాల్లో తెల్లవారి ఎత్తు కాగితం మీద రాసివ్వమన్నారు. వెనుక కూర్చున్న మమ్మల్ని కొంచెం గట్టిగా మాట్లాడుకోమన్నారు కూడా. అసలు ఆటలోని అలజడిని తెప్పించడానికి ఆయన ఎంచుకున్న ఉపాయం అది, తల్లిదండ్రులకు ఏ తరగతిలోనూ ఇంత సులువైన బాధ్యత దొరకదు. ఆ స్థితిలో ఏనుగుతో నల్ల మంత్రిని చంపవచ్చు. గదిలో సగానికి పైగా పిల్లలు అదే రాశారు. బొత్వినిక్ కూడా అదే చేసి ఓడిపోయాడు. శకటుతో ఎఫ్3లోని బంటును చంపడమే మెరుగైన మార్గమని తరువాతి విశ్లేషణలో తేలింది. కళ్ల ముందున్న మంత్రిని వదిలి బంటును చంపాలని ఆ గోలలో, ఆ గడియారం ముందు, ఎంతమందికి తోస్తుంది?

ఆ తరువాత తెర మీద కంప్యూటర్ విశ్లేషణ చూపించారు. తాల్ బలి లెక్కకు నిలవదని యంత్రం తేల్చగానే ముందు వరుసలోని ఒక అబ్బాయి లేచి, "మాస్టారూ, అయితే తాల్ తప్పు ఆడినట్టే కదండీ?" అని అడిగాడు. "యంత్రం దృష్టిలో తప్పే నాన్నా. కానీ ఆ రోజు అవతల కూర్చున్నది యంత్రమా? నువ్వు పది నిమిషాలు చూసి ఏం రాశావో ఒకసారి కాగితం తియ్యి" అన్నారాయన. తాల్ ఆటతీరుకు ఇంతకంటే సూటి వివరణ నేను వినలేదు. తాల్ బలులను సరైనవి, కానివి అని విడదీసి చూసేవారు ఒక సంగతి మరిచిపోతారు. ఆయన చేసిన బలి ప్రత్యర్థికి వేసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఉండవచ్చు, కానీ దాన్ని బల్ల ముందు కూర్చుని, నిర్ణీత కాలంలో, ఒక్కసారి కూడా తడబడకుండా కనుక్కోవాలి. 1965లో బ్లెడ్‌లో డెన్మార్క్ ఆటగాడు లార్సెన్‌తో సమంగా నడిచిన క్యాండిడేట్స్ పోటీ చివరి ఆటలో, 16వ ఎత్తులో డీ5 గడిలో గుర్రాన్ని బలి ఇచ్చినప్పుడు కూడా జరిగింది ఇదే. రక్షణ ఉంది, లార్సెన్‌కు దొరకలేదు. తాల్ 5½–4½తో గట్టెక్కాడు.

సోవియట్ గ్రాండ్‌మాస్టర్ వస్యుకోవ్‌తో ఆటలో గుర్రాన్ని బలివ్వాలా వద్దా అని నలభై నిమిషాలు కూర్చున్న తాల్, లెక్కల చిక్కులో పడి, బురదలో కూరుకుపోయిన నీటిగుర్రాన్ని బయటికి లాగడమెలా అని ఆలోచిస్తూ ఉండిపోయి, చివరికి లెక్క మాని మనసు చెప్పినట్టు బలి ఇచ్చేశాడనీ, మర్నాటి పత్రిక మాత్రం ఆయన నలభై నిమిషాలు నిశితంగా లెక్కగట్టాడని రాసిందనీ ఆయనే చెప్పుకున్న కథ ఉంది. అదీ ఈ పాఠంలోనే విన్నాము. లెక్క ఎక్కడ ఆపాలో తెలియడం కూడా లెక్కలో భాగమేనని మాస్టారు దానికి చేర్చిన వ్యాఖ్య.

ఇంత మంచి శిక్షణ 1961 దగ్గరకు వచ్చేసరికి చప్పబడిపోతుంది. తిరుగు పోటీలో బొత్వినిక్ 13–8తో పట్టం వెనక్కి తీసుకున్నాడు. తాల్ మూత్రపిండాల జబ్బుతో బాధపడుతూనే ఆడాడు, 1962లో క్యూరసావ్ క్యాండిడేట్స్ పోటీ నుంచి మధ్యలోనే ఆసుపత్రికి వెళ్లాడు, 1969లో ఒక మూత్రపిండం తీసేశారు. ఇవి చెప్పి, మిగిలిన ముప్పై ఏళ్లను చివరి ఆదివారం చివరి గంటలో చుట్టేశారు. దీనితో నాకు గట్టి పేచీ ఉంది. 1972 జులై నుంచి 1973 ఏప్రిల్ వరకు 86 ఆటలు, 1973 అక్టోబరు నుంచి 1974 అక్టోబరు వరకు 95 ఆటలు, ఒక్కటి కూడా ఓడకుండా ఆడినవాడు ఈ తాల్. రెండవ వరుసలో 46 గెలుపులు, 49 డ్రాలు. ఆ రికార్డును 2018లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ దాటేదాకా ఉన్నత స్థాయిలో మరెవరూ అందుకోలేదు. కేవలం బలులిచ్చి బెదిరించేవాడికి ఇది సాధ్యమయ్యే పనేనా? ఓపికగా నిలబడడం, చిన్న ఆధిక్యాన్ని నిలుపుకోవడం, అవసరమైతే డ్రాతో సరిపెట్టుకోవడం ఈ కాలపు ఆటల్లో కనిపిస్తాయి. 1979లో మాంట్రియల్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్‌తో కలిసి మొదటి స్థానం పంచుకోవడం, అదే ఏడాది క్యాండిడేట్స్‌కు అర్హత తేల్చే రీగా ఇంటర్‌జోనల్‌లో 17 ఆటలకు 14 పాయింట్లు సాధించడం, 1980 జనవరిలో 2705 రేటింగుకు చేరడం, ఇవన్నీ ఆయనకు నలభై దాటాక జరిగినవే. పోనీ పాత తాల్ మాయమయ్యాడా అంటే అదీ లేదు. 1988లో 51 ఏళ్ల వయసులో ప్రపంచ బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే వేగపు ఆట) ఛాంపియన్ అయ్యాడు. 1992 మేలో, మరణానికి నెల ముందు, మాస్కో బ్లిట్జ్ పోటీలో కాస్పరోవ్‌ను ఓడించాడు.

ఈ సగం చెప్పకపోవడం వల్ల వచ్చే నష్టం తరగతిలోనే కనిపించింది. మూడు నాలుగు వారాలు గడిచేసరికి పిల్లలు తమలో తాము ఆడుకునే ఆటల్లో కారణం లేకుండా గుర్రాలను హెచ్7 మీద, ఎఫ్7 మీద పారేయడం మొదలుపెట్టారు. ప్రత్యర్థిని రెండు రెళ్లు ఐదయ్యే చీకటి అడవిలోకి తీసుకెళ్లాలన్న, తాల్ అన్నాడని చెప్పుకునే మాటను హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించారు. స్మిస్లోవ్ ఆటలో చూపించిన సన్నాహాన్ని ఆ గోడ మీది కాగితం రోజూ చెరిపేస్తోంది. 1974 నాటి ఆటలకు రెండు పాఠాలు కేటాయిస్తే ఈ లోటు తీరుతుంది, ఆ కాగితం తీసేస్తే ఇంకా మంచిది.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. అచ్చువేసి ఇచ్చిన పుస్తకంలో బొమ్మలు మసకగా ఉండి, నల్లశకటుకూ నల్లబంటుకూ తేడా తెలియడం లేదు. ఏడాది కిందట ఎత్తులు నేర్చుకున్న పిల్లలనూ, రేటింగు ఉన్న పిల్లలనూ ఒకే వరుసలో కూర్చోబెట్టడంతో మొదటివారు తెల్లమొహం వేస్తున్నారు. మేడమీది హాలు కాబట్టి ఏప్రిల్ ఎండకు రెండు ఫ్యాన్లు చాలవు. రుసుము విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు, ఒక్కరికే పాఠం చెప్పే శిక్షకులు ఈ చుట్టుపక్కల తీసుకునేదానిలో మూడో వంతు కూడా కాదు.

ఎత్తులు రాసుకోవడం వచ్చి, ఒకటి రెండు పోటీల్లో ఆడి, గెలిచే స్థితి నుంచి డ్రాకు జారిపోతున్న పిల్లలకు ఈ శిక్షణను నిస్సందేహంగా సూచిస్తాను. ఇంకా రాజుకు కోట కట్టుకోవడమే (క్యాజ్లింగ్) మరిచిపోతున్న పిల్లలకు ఒక ఏడాది ఆగడం మేలు. పెద్దలు కూడా రుసుము కట్టి చేరవచ్చునట. తదుపరి విడత పాఠశాల సెలవులకు మొదలవుతుందని చెప్పారు. గడియారాలు అందరికీ సరిపోవు కాబట్టి, ఇంట్లో డిజిటల్ గడియారం ఉంటే వెంట తీసుకెళ్లండి, ఆరవ ఆట పాఠం రోజున అది చాలా అవసరమవుతుంది.