అణు కేంద్రానికి ఏ డీజిల్ జనరేటర్: నీటితో చల్లబడేదా, గాలితో చల్లబడేదా?

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దైచీ అణు కేంద్రంలో భూకంపానికి బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్లు వెంటనే స్టార్టయ్యాయి. ముప్పావు గంట దాటాక సునామీ వచ్చిపడింది.

నీటితో చల్లబడే జనరేటర్లకు సముద్రం ఒడ్డున పంపులు ఉండాలి. ఆ పంపులూ పోయాయి, బేస్‌మెంట్లలోకి నీళ్లూ వచ్చేశాయి. గాలితో చల్లబడే రకానికి సముద్రంతో పనిలేదు, ఎత్తున పెట్టుకోవచ్చు. ఆరో యూనిట్‌లో అలాంటిదొక్కటే నిలబడి ఐదో యూనిట్‌ని కూడా గట్టెక్కించింది.

అంతమాత్రాన గాలి రకమైతే చాలనుకోవద్దు. రెండు, నాలుగు యూనిట్లకూ అవి ఉన్నాయి, మునగలేదు కూడా. మునిగింది కింద ఉన్న స్విచ్‌గేర్, అంటే జనరేటర్ కరెంటుని పంచే స్విచ్‌ల బోర్డులు. ఇంజను బాగానే ఉన్నా కరెంటు వెళ్లే దారి మూసుకుపోయింది.

సముద్రతీరంలోనైతే నేను గాలి రకానికే ఓటేస్తాను, స్విచ్‌గేర్ కూడా దాంతోపాటు పైకెక్కితేనే.