తిరుపతిలో కుక్కను గొలుసు విప్పి వదలాలంటే

మా బ్రూనో లాబ్రడార్. గొలుసు పట్టుకుని వీధి చివరి దాకా నడిపిస్తే దానికి ఒళ్లు కూడా వేడెక్కదు, మిగిలిన ప్రతాపమంతా ఇంట్లో సోఫా మీద చూపిస్తుంది. కాసేపు విప్పి వదిలే చోటు కోసం ఊరి చుట్టుపక్కల చాలానే తిరిగాం.

ఎవరినడిగినా ముందు చెప్పేది కొండ కింది రోడ్లే. కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు, అటు నుంచి జూపార్కు రోడ్డు. చెట్లు, చల్లగాలి, తెల్లవారుజామున బండ్లు కూడా తక్కువ. అయినా సరే, అక్కడ గొలుసు విప్పే ఆలోచనే వద్దు. పక్కనే శేషాచలం అడవి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్న సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. చిరుతకి కుక్క సులువుగా దొరికే తిండి. పైగా మనం కుక్కను తిప్పే తెల్లవారుజాము, మునిమాపు వేళల్లోనే అదీ తిరుగుతుంది. యూనివర్సిటీ రోడ్లు నడకకు బాగుంటాయి కానీ వాకింగ్ చేసే పెద్దవాళ్లు, వీధికుక్కల గుంపులు ఎక్కువ. మన కుక్క ఆడుకోవడానికే మీద పడ్డా ఎదుటివాళ్లకి అది ఆటలా ఉండదు. కుక్కను అదుపులో పెట్టుకోక మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఇసుక మాకు బాగా నచ్చింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండే ఉంటుంది. ఇసుకలో పరిగెత్తితే కుక్క తొందరగా అలిసిపోతుంది. అక్కడి గుడి దరిదాపుల్లో కాకుండా బాగా దూరంగా పోయి వదిలాం. బ్రూనో చెవులు వెనక్కి పడేసి రయ్యిమని పోతుంటే చూడటానికి ముచ్చటేసింది. ఆ ముచ్చట కాసేపే. గట్టు మీద నుంచి గొర్రెల మంద దిగింది. "నా, దాన్ని పట్టుకో నా, గొర్రెలు బెదురుతాయి" అని కాపరి దూరం నుంచే కేకేశాడు. మా వాడు పిలవగానే వచ్చే రకం కాబట్టి సరిపోయింది. పిలిస్తే రాని కుక్కయితే పది మీటర్ల తాడు కట్టే వదలండి. ఇసుకలో పగిలిన బీరు సీసాలు కూడా ఉంటాయి, మందు పార్టీలు చేసుకున్నవాళ్ల పుణ్యం.

ఎండిన చెరువులు దూరం నుంచి మైదానాల్లాగే కనిపిస్తాయి. దిగితే అంతా పల్లేరు కాయలు, కంపచెట్ల ముళ్లు. ఒకసారి ఇంటికొచ్చి చూస్తే నాలుగు కాళ్లలోనూ వేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లే. ట్వీజర్‌తో ఒక్కొక్కటే లాగుతుంటే పాపం కాలు వెనక్కి తీసుకుంటూ మూలుగుతూనే ఉంది. వానల తర్వాత నిలిచిన నీళ్లలో దిగనిస్తే ఎలుక జ్వరం భయం, గడ్డిలో పిడుదులు. రాయలచెరువు కట్ట మీద గాలి, ఆ నీళ్ల అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే మేపుకొచ్చే గొడ్లు, ఊరి జనం తిరిగే దారి అది. గొలుసుతో నడిచి రావడానికే బాగుంటుంది.

నా మటుకు అన్నిటికన్నా నయం కంచె ఉన్న మామిడి తోట. పాకాల, దామలచెరువు వైపు తెలిసినవాళ్ల తోట ఒకటి ఉంటే చాలు, ఒక మాట అడిగి వెళ్లొచ్చు. నీడ ఉంటుంది, జనం ఉండరు. ముందు కంచె చుట్టూ ఒకసారి నడిచి సందులు చూసుకోవాలి. మేం వెళ్లిన తోట కాపలా పెద్దాయన ఒక మూల చూపించి "అటు పోనీయొద్దు సామీ, పక్కోళ్లు పందులకని కరెంటు తీగ లాగుంటారు" అన్నాడు. పందుల కోసం నాటు బాంబుల్ని మాంసంలో చుట్టి పెట్టేవాళ్లూ ఉంటారు, ఆ వాసనకి కుక్క నోట కరిచిందంటే అంతే. పూతకి మందు కొట్టే రోజుల్లో, కాయలు కోసే రోజుల్లో వెళ్లొద్దు. తోతాపురి టెంక మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది.

బయట ఊళ్ల నుంచి కుక్కతో వచ్చేవాళ్లకి బస కష్టమే. యాత్రికుల లాడ్జీల్లో అడిగిన చోటల్లా వద్దన్నారు. పెట్స్‌కి అనుమతి ఉందని ప్రకటన ఇచ్చిన ఒక ఫామ్ స్టేకి వెళ్తే, కుక్కకి విడిగా డబ్బు తీసుకుని వరండాలో కట్టేయమన్నారు. పచ్చిక బయలు ఫొటోల కోసమేనట! బుక్ చేసేముందు ఫోన్లో రెండే అడగండి: కుక్క గదిలోకి రావచ్చా, కంచె పూర్తిగా ఉందా.

డాగ్ బోర్డింగ్ ఒకచోట మాత్రం టీకాల కార్డు చూపించే దాకా గేటు తీయలేదు. నాకు ఆ పట్టింపే నచ్చింది. కార్డు లేకపోతే ఊళ్లోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రి ఉంది, రేబీస్, పార్వో (కుక్కలకొచ్చే రక్తవిరేచనాల వైరస్ జబ్బు) టీకాల సంగతి చాలా ముందే చూసుకోండి. వేసవిలో ఎనిమిది దాటాక తారు రోడ్డు మీద అరచేయి ఆనించి చూడండి. ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్కను కారు దించొద్దు, అలాగని అద్దాలు మూసి కార్లో వదిలి దర్శనానికీ పోవద్దు.