బత్తాయి ఆకు మీద టాక్ పాలిమరేజ్: ఒక సెమిస్టర్ వాడిన తర్వాత

నల్గొండలో మా డిగ్రీ కళాశాల బయోటెక్నాలజీ ల్యాబ్ కోసం తెప్పించిన 500 యూనిట్ల (యూనిట్ అంటే ఎంజైమ్ పనిశక్తికి కొలత) టాక్ పాలిమరేజ్‌ను, అంటే డీఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైమ్‌ను, ఒక సెమిస్టర్ పొడవునా వాడాం. చేతికి వచ్చేది ట్యూబ్ అడుగున 100 మైక్రోలీటర్ల ద్రవం మాత్రమే. అయినా 25 మైక్రోలీటర్ల మిశ్రమానికి ఒక్క యూనిట్ చాలు కనుక, పిపెట్ మీద చేయి కుదిరితే అది చాలా కాలం వస్తుంది.

ఈ ఎంజైమ్ విలువ దాని పుట్టింటిలో ఉంది. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో శాస్త్రవేత్తలు థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ గుర్తించి 1969లో వివరించిన, టాక్‌కు పుట్టిల్లైన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్కగా పెరుగుతుంది. డీఎన్ఏ ముక్కకు వేడి, చల్లదనాల సైకిళ్లతో లక్షల నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో డీఎన్ఏ పోగులు విడిపోవడానికి ప్రతి సైకిల్‌లోనూ 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. తొలినాళ్లలో వాడిన ఇ. కోలి అనే బ్యాక్టీరియా ఎంజైమ్ ఆ వేడికి చెడిపోయేది కనుక ప్రతిసారీ కొత్తగా కలపవలసి వచ్చేది. టాక్ మాత్రం 95 డిగ్రీల వద్ద సుమారు 40 నిమిషాలు గడిచినా సగం శక్తిని నిలుపుకుంటుంది కాబట్టి, ఒక్కసారి కలిపి మూత పెడితే 30 సైకిళ్లూ సాగిపోతాయి.

మా విద్యార్థులు బత్తాయి ఆకుల డీఎన్ఏ తీసి, అందులోని, మొక్కలను గుర్తించడానికి వాడే ఆర్‌బీసీఎల్ అనే జన్యుభాగాన్ని వృద్ధి చేశారు. మొదటి రోజు, డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసి చూపే జెల్ మీద ఏమీ కనిపించలేదు. ఆ తప్పు ఎంజైమ్‌ది కాదు. ఆకులోని ఫినాల్ పదార్థాలు, జిగురు డీఎన్ఏతో పాటే వచ్చి ఎంజైమ్ పనికి అడ్డుపడ్డాయి. నమూనాను పదింతలు పలుచన చేయగానే 600 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) పొడవు దగ్గర బ్యాండ్, అంటే డీఎన్ఏ గీత, స్పష్టంగా వచ్చింది. తమ తోటలోని ఆకు తెచ్చిన అమ్మాయి దాన్ని ఫొటో తీసి వెంటనే తండ్రికి పంపింది.

అసంతృప్తి రవాణా విషయంలోనే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో వచ్చిన పెట్టెలో ఐస్ ప్యాకులు పూర్తిగా కరిగిపోయి ఉన్నాయి. మరిగే నీటికి దగ్గరి వేడిని ఓర్చుకునే ఎంజైమ్‌కు ఐస్ ఎందుకని విద్యార్థులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఎంజైమ్ ఒకటి రెండు రోజుల ఎండకు బెదరకపోవచ్చు గానీ, కిట్‌లో దానితో పాటు వచ్చే, కొత్త డీఎన్ఏకు ముడిసరుకైన డీఎన్‌టీపీలు వేడికి క్రమంగా విచ్ఛిన్నమవుతాయి. నెలల తరబడి నిల్వకు ఎంజైమ్‌కైనా మైనస్ 20 డిగ్రీలే తగినది.

ఇంకొక పరిమితి కూడా చెప్పాలి. టాక్‌కు తాను చేర్చిన తప్పు అక్షరాన్ని వెనక్కి వచ్చి దిద్దుకునే శక్తి లేదు కనుక, జన్యువును మరో కణంలోకి చేర్చి పెంచే, అక్షరం పొల్లుపోకూడని క్లోనింగ్ పనికి దీన్ని సూచించను. బోధనకు, బ్యాండ్ ఉందా లేదా అని తేల్చే పరీక్షలకు మాత్రం నిస్సందేహంగా తీసుకోవచ్చు. మేమూ మళ్లీ తెప్పిస్తాం, అయితే ఈసారి వానలు పడ్డాకే.