సముద్రం లేని ఊళ్లో రెండు రోజులు

ఫిబ్రవరి చివర్లో వైజాగ్ నుంచి అక్కా, బావా, పిల్లలిద్దరూ వచ్చారు. రైలు దిగగానే బావ అన్న మొదటి మాట: "సముద్రం కూడా లేదు, మీ బెజవాడలో రెండ్రోజులు ఏం చూపిస్తావురా?"

మా ఇంట్లో చోటు చాలక గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో రూమ్ తీశాను. 24 గంటల చెకౌట్ అని ఫోన్‌లో చెప్పినవాళ్లే, మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఖాళీ చేయాలన్నారు. గీజర్ ఉంది, పని చేయదు. వేణ్ణీళ్లు బకెట్‌తో వచ్చాయి, అదీ మూడుసార్లు అడిగితే. బుక్ చేసే ముందు ఈ రెండూ గట్టిగా అడగండి. ఒక్క సుఖం, బాబాయ్ హోటల్‌కి నడిచి వెళ్లొచ్చు. వెన్న ఇడ్లీ రెండో ప్లేటుకి బావ కోపం కాస్త దిగింది.

ఆరింటికే దుర్గమ్మ దర్శనం చేసుకున్నాం. శుక్ర, ఆదివారాలు తప్పిస్తే క్యూ ఫర్వాలేదు. అక్కణ్నుంచి కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీపై నడక. 1855 నాటి ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని బదులు కట్టి 1957లో పూర్తి చేసింది ఇది. గేట్లు 70. మా మేనల్లుడు నలభై దాకా లెక్కపెట్టి, పడవ కనపడగానే లెక్క మర్చిపోయాడు.

అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు. "మాకు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ గుహలున్నాయిలే" అంటూనే బావ మెట్లెక్కాడు. టికెట్ పాతిక రూపాయలు, పిల్లలకి లేదు. కొండను తొలిచిన నాలుగు అంతస్తుల గుహ. మూడో అంతస్తులో, ఎండలోంచి లోపలికి వెళ్తే ముందు ఏమీ కనపడదు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ పాదాలు, మోకాళ్లు, చివరికి పడగల కింద ముఖం. అయిదు మీటర్ల పైన పొడవున్న అనంతపద్మనాభుడు ఒక్క రాతిలో పడుకుని ఉన్నాడు. కాపలా ఆయన ఫోన్ టార్చి పాదాల దగ్గర్నుంచి మెల్లగా జరిపి చూపించాడు. బావ మళ్లీ బొజ్జన్నకొండ ఎత్తలేదు. పదింటికల్లా దిగిపోవాలి, తర్వాత రాయి కాలుతుంది. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, తినేవి మాత్రం కోతులకు కనపడనివ్వకండి.

భవానీ ద్వీపం పిల్లలకి నచ్చింది, నాకు అంతంతమాత్రం. అసలు సరదా బోటులోనే. కృష్ణకు వరదొస్తే బోట్లు ఆపేస్తారు, కనుక్కుని వెళ్లండి. ఆ పూట బాపు మ్యూజియంకి ఇచ్చినా నష్టం లేదు. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఆ భవనంలోనే. రాత్రి స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ విగ్రహం చూశాం. పీఠంతో కలిపి 206 అడుగులు. దీపాల వెలుగులో చూడాల్సిందే.

రెండో రోజు ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి. ఆటోకి రానూపోనూ, వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకోండి. మాకు తిరుగు ప్రయాణంలో ఇంకో మూడొందలు పెంచాడు. బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఏనుగుకి తొండం అతికిస్తోంది. తెల్లపొణికి చెక్క చేతిలో పెడితే బరువే తెలియదు. ఇక్కడ బేరమాడబోయిన బావని అక్క మోచేత్తో పొడిచింది.

సాయంత్రం రైల్లో కూర్చున్నాక, "ఈసారి మీరే రండి, సముద్రం చూపిస్తా" అన్నాడు బావ. అంబారీ ఏనుగుని తువ్వాల్లో చుట్టి, తొండం విరగకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు.